మా అక్క తప్ప

మార్చి 3, సోమవారం

హాస్పిటల్ లాయరు గారు మెయిల్ పెట్టారు. మాట పడిపోయినవాళ్ళ తరఫున మాట్లాడే మన ‘పలుకు’ ప్రోగ్రాంలో ఏ ముక్క ఎవరు రాశారో, దేనికి ఏ లైసెన్సు ఉందో పట్టిక కావాలట. అది సరిగ్గా ఉంటే నెలాఖరుకి సంతకాలు, అన్ని వార్డులకీ ‘పలుకు’ వేసిన టాబ్లెట్ కంప్యూటర్లు. ఏదైనా తేడా వస్తే ట్రయల్‌కి ఇచ్చినవి కూడా వెనక్కి తీసేసుకుని వేరే కంపెనీ పెట్టెలు కొంటారు.

పట్టికదేముంది, మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఒక్క గడి మిగిలింది. రేపు చూద్దాం.

మార్చి 4, మంగళవారం

ఆ గడి ఇవాళా చూడలేదు. తలనొప్పి.

మార్చి 5, బుధవారం

వార్డుకి వెళ్ళాను. కిటికీ పక్క మంచం వడ్రంగి మేస్త్రీ గారిది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఎడమచేత్తో టాబ్లెట్ మీద బొమ్మలు నొక్కుతారు. ఇవాళ టీ, పంచదార, లేదు, వద్దు అని నాలుగు నొక్కారు. టాబ్లెట్ గట్టిగా, “నాకు పంచదార లేని టీ వద్దు,” అంది.

“ఆహా! మాటొచ్చిందో లేదో, పేచీ మొదలు,” అని వాళ్ళావిడ చీరకొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

వేరే కంపెనీ పెట్టె కూడా ఆయనకి ఓ రోజు ఇచ్చి చూశారు. అది “టీ! పంచదార! వద్దు!” అని అరిచేది. మేస్త్రీ గారు దాన్ని మంచం చివరికి తోసేశారు.

బయట వరండాలో స్పీచ్ థెరపీ మేడం నన్ను ఆపారు. “నెలాఖరుకి ఇవి తీసుకుపోతారా అని మేస్త్రీ గారి ఆవిడ రోజూ అడుగుతోందమ్మాయ్. ఏం చెప్పమంటావు?”

“అలాంటిదేం లేదండీ,” అన్నాను.

బొమ్మల్ని వాక్యం చేసేది ‘అతుకు’ అనే చిన్న ముక్క. టీ, వద్దు అని నొక్కితే ఎవరికి వద్దో, ఎలా వద్దో అదే కలుపుతుంది. ఎవర్ని రా అనాలో, ఎవర్ని రండి అనాలో దానికి తెలుసు. అది లేకపోతే ‘పలుకు’ కూడా ఆ అరిచే పెట్టెలాంటిదే. దాన్ని రాసింది

తర్వాత రాస్తాను.

మార్చి 6, గురువారం

ఆ గడిలో ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని నింపి పంపించేశాను. అబద్ధం కాదు. ఆ లైసెన్సులో మొదటి వాక్యం అదే.

మార్చి 10, సోమవారం

లాయరు గారు ఫోన్ చేశారు. నాలుగు రోజులు ఏ కబురూ లేకపోయేసరికి గండం గడిచిందనుకున్నాను.

“అమ్మా, ‘అతుకు’ అని ఒకటుంది కదా. దాని లైసెన్సు రెండు వాక్యాలే. మొదటిది మీరు పట్టికలో వేశారు. రెండోది వదిలేశారు.”

“రెండోదాంట్లో ఏముందండీ?” అన్నాను. ఏముందో నాకు తెలియనట్టు!

ఆయన గొంతు సవరించుకుని కోర్టులో చదివినట్టు చదివారు. “‘దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మా అక్క తప్ప.’”

“అది జోకండీ.”

“జోకో, కోపమో, రాతలో ఉందిగా తల్లీ. మీ ప్రోగ్రాంలో మిగతాదంతా ఎవరెవరో జీపీఎల్ లైసెన్సు కింద ఇచ్చినది. అదేమంటుంది? అందరికీ ఇవ్వు, ఎవరికీ కొత్తగా అడ్డు పెట్టకు అంటుంది. ఇదేమో ఒక మనిషికి అడ్డు పెడుతోంది. రెండూ పొసగవు. కలిపి పంచితే రెండింటి మాటా తప్పినట్టే. హాస్పిటల్ ఇలాంటి దాని మీద సంతకం పెట్టదు.”

నేను ఊఁ కొడుతున్నాను.

“ఇంకో సంగతి. ఈ అక్క ఎవరో కాస్త కనుక్కోగలరా? ఆవిడ మన హాస్పిటల్లోనే నర్సో, పేషెంటో అయితే మరీ ఇబ్బంది కదా.”

“కనుక్కుంటానండీ,” అన్నాను.

అన్నాను! ఛీ, నా నోరు పడిపోను.

మార్చి 11, మంగళవారం

ఎవరి కోసం రాస్తున్నాను, నాకోసమేగా. కాబట్టి రాస్తాను. ఆ అక్కని నేనే.

‘అతుకు’ చెల్లి రాసింది. అప్పట్లో ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్ళం. నేను బొమ్మలు, తెర, గొంతు చూసుకునేదాన్ని. అది క్రియాపదాల వెంట పడేది. వంటింట్లో ఉన్నా, స్నానాలగదిలో ఉన్నా “తిను, తింటాను, తిన్నాను, తినను, తిననివ్వను” అని గొణుక్కునేది. అమ్మ భయపడి తాయెత్తు కట్టించనా అని అడిగింది.

తర్వాత పేపర్లో నా ఫొటో వేసి ‘ఒంటిచేత్తో మూగవాళ్ళకి మాట ఇచ్చిన యువతి’ అని రాశారు. ఇద్దరం రాశామని నేను చెప్పాను. రిపోర్టరు కోసేశాడు. దానికి నన్నేం చెయ్యమంటారు?

వారం తిరగకుండా చెల్లి బట్టలు సర్దుకుని వేరే గదికి వెళ్ళిపోయింది. ‘అతుకు’ని నెట్‌లో అందరికీ పెట్టేసింది, ఆ రెండు వాక్యాలతో. అప్పట్నుంచీ మాటల్లేవు. అది చేసే దిద్దుబాట్లు మాత్రం వచ్చినవి వచ్చినట్టు నేను తెచ్చుకుంటూనే ఉన్నాను. ప్రోగ్రాం ఆగకూడదు కదా.

మార్చి 12, బుధవారం

ఆ రెండో వాక్యం మన కాపీలోంచి తీసేశాను. దాని కింద ఖాళీ లైన్లు కూడా తీశాను, శుభ్రంగా ఉంటుందని. ఎవరికీ నష్టం లేదు. జోకే కదా.

సాయంత్రం

తిరిగి పెట్టేశాను.

మార్చి 13, గురువారం

లాయరు గారి మెయిల్, ఒకటే లైను: “నిన్న ఆ వాక్యం తీసి, మళ్ళీ పెట్టినట్టుందే?”

ప్రోగ్రాంలో చేసే ప్రతి మార్పూ దాని చరిత్రలో నమోదై ఉంటుందని, ఎవరైనా చూడొచ్చని ఊళ్ళో వాళ్ళందరికీ పాఠాలు చెప్పేదాన్ని నేనే. బుద్ధి గడ్డి తింది. “పొరపాటున వేలు తగిలిందండీ,” అని రాశాను. వేలు తగిలితే ఒక్క వాక్యమే, అదీ చుక్కతో సహా ఎలా పోతుందో ఆయన అడగలేదు. అడిగినా బాగుండేది.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ ఓ ఉపాయం తట్టి ఎగిరి గంతేశాను. గొడవకి ముందు మా ఇంట్లో రాసుకున్న పాత ‘అతుకు’ నా దగ్గర ఉంది. దాంట్లో ఆ వాక్యం లేదు! వెంటనే లాయరు గారికి ఫోన్ చేశాను.

“దాని లైసెన్సు ఏమిటమ్మా?”

“ఏమీ లేదండీ. ఇంట్లోదే కదా అని పెట్టుకోలేదు.”

“లైసెన్సు లేదంటే అడ్డు లేదని కాదు, అనుమతే లేదని. పక్కింటి తలుపు తెరిచి ఉందని వెళ్ళి మంచమెక్కి పడుకుంటామా? రాసినవాళ్ళని అడగండి. ఒక్క మాట రాసిస్తే అయిపోయేదానికి ఎందుకింత తిరుగుడు?”

ఎందుకో ఆయనకి తెలీదు.

మార్చి 17, సోమవారం

శని, ఆదివారాలు కూర్చుని నా సొంత ‘అతుకు’ రాశాను. చెల్లిది తెరవకుండా, చూడకుండా. అదేమన్నా బ్రహ్మవిద్యా? ఇవాళ మేస్త్రీ గారి టాబ్లెట్‌లో వేసి ఇచ్చాను. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చారు. మేస్త్రీ గారు డాక్టరు, కూర్చోవడం, నొప్పి, చూడటం నొక్కారు.

టాబ్లెట్, “డాక్టరూ, కూర్చో. నొప్పిని చూస్తుంది,” అంది.

డాక్టరు గారు పెద్దమనిషి, నవ్వేసి కూర్చున్నారు. మేస్త్రీ గారి ముఖం మాత్రం ఎర్రబడింది. ఆయనే బటన్ నొక్కి టాబ్లెట్ ఆపేశారు. ఆ తర్వాత వాళ్ళావిడ ఎంత బతిమాలినా ముట్టుకోలేదు.

మేడం నన్ను పక్కకి లాగారు. “ఏం చేశావమ్మాయ్ దాన్ని? ఎంతమందిచేతో పని చేయించిన మనిషి ఆయన. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియనివాడిలా చేశావు.”

పాతదే మళ్ళీ వేసి వచ్చాను. ఈ సంగతి చెబితే లాయరు గారు ఇంకోటి అన్నారు. ఏళ్ళ తరబడి చెల్లిది చదివినదాన్ని కాబట్టి నేను రాసింది కూడా కాపీ కిందకే వస్తుందేమోనని. శుభం.

అసలు ఆ ఇంటర్వ్యూ పది నిమిషాలే. చెల్లి సంగతి ఎత్తేలోపే లైన్ కట్టయింది. దానికి అంత పంతమా?

మార్చి 18, మంగళవారం

లాయరు గారి గదికి వెళ్ళి నిలబడే చెప్పేశాను. “ఆ అక్క దొరికిందండీ.”

“అమ్మయ్య! ఎవరట?”

“నేనే.”

ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. “అంటే... లోకంలో అందరూ వాడుకోగలిగినదాన్ని, వాడకూడని ఒకే ఒక్క మనిషి...”

“అవునండీ.”

“ఇన్నేళ్ళుగా...”

“అవునండీ.”

ఆయన నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డారు. ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. ఇటు తిరిగేసరికి మామూలుగానే ఉన్నారు. “నాకూ ఓ తమ్ముడున్నాడమ్మా,” అన్నారు. “ఇరవై ఎనిమిదో తారీఖు లోపు వెళ్ళి మాట్లాడండి. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు.”

మార్చి 19, బుధవారం

అమ్మకి ఫోన్ చేశాను, నువ్వు చెప్పు అని.

“ఏమే పెద్దదానా, నేనేమన్నా మీ ఇద్దరికీ తపాలా బంట్రోతునా? చిన్నది అలిగితే నీకు చెప్పాలి, నీకు పనిపడితే దానికి చెప్పాలి. దానికి కాళ్ళు లేవా, నీకు నోరు లేదా?”

“నేను వెళ్తే గెంటేస్తుందమ్మా.”

“గెంటితే గెంటించుకో. నాలుగు బస్ స్టాపుల అవతలే కదే ఉండేది! పొయ్యి మీద పాలున్నాయి, పెట్టేస్తున్నా.”

మార్చి 20, గురువారం

చెల్లి పనిచేసే ప్రెస్సుకి వెళ్ళాను. మూసి ఉంది. తిరిగొచ్చేశాను.

మార్చి 21, శుక్రవారం

నిన్న ప్రెస్సు మూసి లేదు. గేటు ఓరగా వేసి ఉంది. లోపల మిషన్లు తిరుగుతున్న చప్పుడు కూడా వినిపించింది. బస్సు వచ్చేసింది, ఎక్కేశాను.

మార్చి 24, సోమవారం

వెళ్ళాను. లోపలికే వెళ్ళాను.

చెల్లి బడి పుస్తకాల ప్రూఫులు దిద్దుతోంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నాకు తెలీదు. ఎర్ర పెన్ను చెవి మీద ఉంది. నన్ను చూసి పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

“అమ్మ చెప్పింది,” అంది. తపాలా బంట్రోతును కానన్న మనిషి!

మేస్త్రీ గారి గురించి, టాబ్లెట్ల గురించి, నెలాఖరు గురించి గడగడా చెప్పేశాను. అది విని, “ఆయన పంచదార లేని టీ వద్దన్నాడా? ‘లేని’ సరిగ్గా పడిందా?” అని అడిగింది. పడిందన్నాను. ముఖం కాస్త విప్పారింది. ఊరుకోవచ్చుగా నేను!

“చూడు, ఆ పేపరు సంగతి... ఆ రిపోర్టరు...”

“పాపం రిపోర్టరు,” అంది. “ఇంకా ఎన్నాళ్ళు మోస్తాడు నిన్ను?”

పక్క బల్ల వాళ్ళు తలెత్తారు.

“సరేలే. ఆ వాక్యం తీసేస్తాను,” అంది చెల్లి. “ఒక్క షరతు...”

“అయ్యో, షరతు పెట్టకూడదే!” అన్నాను. “అసలు గొడవే అది. జీపీఎల్‌తో పొసగాలంటే దానిమీద ఏ కొత్త షరతూ ఉండకూడదు. లాయరు గారు మరీ మరీ చెప్పారు.”

చెల్లి నావైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత పెన్ను తీసుకుని ప్రూఫులోకి వంగింది.

“సరే. ఏ షరతూ లేదు. వెళ్ళు.”

అయిపోయింది! ఇంత సులువు పనికి ఇన్నాళ్ళు గుండె దడ. దారిలో లాయరు గారికి ఫోన్ చేశాను, మేడంకి చేశాను, అమ్మకి చేశాను. హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది.

మార్చి 25, మంగళవారం

చెల్లి మార్చేసింది. కొత్త లైసెన్సు మొత్తం ఇదీ:

‘దీన్ని ఎవరైనా, దేనికైనా, ఎలాగైనా వాడుకోవచ్చు. ఏ షరతూ లేదు. రాసినవాళ్ళ పేరు కూడా చెప్పనక్కర్లేదు.’

లాయరు గారి ఆనందం ఇంతా అంతా కాదు. “ఇంత శుభ్రమైనది నేను చూళ్ళేదమ్మా! జీపీఎల్ అని ఏముంది, ఇది ఏ లైసెన్సుతోనైనా ఇట్టే కలిసిపోతుంది. మామూలుగా ఎవరైనా పేరొక్కటీ ఉంచమంటారు. మీ చెల్లెలు అదీ అడగలేదు. గొప్ప మనసు.”

అవునన్నాను.

మార్చి 26, బుధవారం

పేరు కూడా చెప్పనక్కర్లేదట.

ఎవరైనా అంటే అందులో నేనూ ఉన్నాను. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఎలాగో నేనూ అలాగే వాడుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఆ లైసెన్సులో ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను. ఎంత తిట్టుకున్నా, దిద్దుబాట్లు చేసిన ప్రతిసారీ అది ‘మా అక్క’ అన్న మాటని కొట్టెయ్యకుండా ఉంచింది. నేనే వెళ్ళి తీయించాను. అడిగింది అడిగినట్టే ఇచ్చింది, నాకు ఏడుపొస్తోంది.

మార్చి 27, గురువారం

ఏమడగబోయింది?

మార్చి 28, శుక్రవారం

సంతకాలయ్యాయి. టాబ్లెట్లు ఎవరూ తీసుకుపోరు. మేస్త్రీ గారి ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. హాస్పిటల్ వాళ్ళు పత్రికలో వేస్తాం, ఫొటో కావాలన్నారు. తర్వాత ఇస్తానన్నాను.

ఆ రిపోర్టరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పేపరు రోజు సంగతి.

ఏమడగబోయింది? పేరు వెయ్యమనా? క్షమాపణా? ఇల్లు ఊడుస్తున్నా అదే, అన్నం తింటున్నా అదే. ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే తెలిసిపోయేది కదా! లాయరు గారు లైసెన్సులో షరతు వద్దన్నారు గానీ, చెల్లి నోట్లో మాట వద్దన్నారా?

మార్చి 29, శనివారం

మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళాను. ఈసారి గేటు దగ్గర ఆగలేదు.

“మళ్ళీ ఏం తీసెయ్యాలి?” అంది చెల్లి తలెత్తకుండా.

“ఏమీ లేదు. ఆ రోజు షరతన్నావు కదా. ఏమిటది?”

“ఇప్పుడెందుకు? నీ పనైపోయిందిగా.”

“అయిపోయింది. అందుకే అడుగుతున్నాను.”

చాలాసేపు దిద్దుకుంటూనే ఉంది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. నేను కదల్లేదు. కూర్చోమనలేదు కాబట్టి కూర్చోలేదు కూడా.

“ఏం లేదు,” అంది చివరికి. “ఒకసారి నన్ను ఆ వార్డుకి తీసుకెళ్ళమని అడుగుదామనుకున్నా. ఇన్నేళ్ళుగా దిద్దుతున్నాను. దాంతో ఒక మనిషి మాట్లాడుతుంటే ఒక్కసారీ వినలేదు.”

అంతే. అదీ షరతు. నేను అడ్డుపడి రూలు చెప్పింది దానికి.

“సోమవారం వస్తావా?” అన్నాను.

“సెలవు అడగాలి,” అంది.

మార్చి 31, సోమవారం

చెల్లి నాకన్నా ముందే వచ్చి హాస్పిటల్ మెట్ల దగ్గర నిలబడి ఉంది. లిఫ్టులో ఇద్దరం తలుపు మీది అంకెలే చూశాం.

వార్డులో మేడం ఎదురొచ్చారు. “ఎవరమ్మాయ్ ఈవిడ?”

“మా చెల్లి. బొమ్మల్ని మాట చేసేది తనే రాసిందండీ.”

“అదేమిటి, అదంతా నువ్వే కదూ? పేపర్లో కూడా...”

“కాదండీ. ఆ మాటలన్నీ తను రాసినవే. నాకు రావవి. మొన్న మీరే చూశారుగా నా నిర్వాకం.”

మేడం చెల్లిని ఎగాదిగా చూసి, చెయ్యి పట్టుకుని తిన్నగా మేస్త్రీ గారి మంచం దగ్గరికి లాక్కెళ్ళిపోయారు. “మేస్త్రీ గారూ, మీ మాటలు రాసినావిడ ఈవిడేనట!”

ఆయన చెల్లిని తేరిపార చూశారు. ఎడమచెయ్యి దుప్పటి మీద తుడుచుకుని టాబ్లెట్ దగ్గరికి లాక్కున్నారు. ఒక బొమ్మ నొక్కారు, తప్పనుకుని చెరిపారు, మళ్ళీ వెతికారు. చెల్లి ఆ వేలినే చూస్తోంది.

“మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?” అంది టాబ్లెట్.

తప్పు లేదు, అతుకు కనపడలేదు. నిండు మనిషి అడిగినట్టే ఉంది. చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది.

“ఊళ్ళోనే ఉన్నానండీ,” అంది. “ఎవరూ పిలవలేదు.”

మేస్త్రీ గారు తల తిప్పి నావైపు చూశారు. ఏ బొమ్మా నొక్కలేదు.